ఇత్తడి గిన్నెలో ఫోను

"అమ్మా, పులుసులో ఉప్పు ఎక్కువైందని సెప్పు."

సుధారాణి ఈ మాట అన్నది తల్లి వరహాలమ్మతో. పులుసు కాచిన దమయంతి మాత్రం ఆమెకు మూరెడు దూరంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవులితో సెప్పమంటావే? మీ వదిన నీ ఎదరే ఉన్నాది కదా," అంది వరహాలమ్మ.

"నువ్వే సెప్పు."

వరహాలమ్మ కోడలివైపు తిరిగింది. "పులుసులో ఉప్పు ఎక్కువైందట."

"మిగతా ముగ్గురికీ సరిపోయిందని చెప్పు అత్తా."

"మిగతా ముగ్గురికీ సరిపోయిందటే."

త్రినాథరావు తల ఎత్తలేదు. భార్యకూ చెల్లెలికీ మధ్య మాటలు ఇలా అమ్మమీదుగా నడుస్తున్నప్పుడు కంచంలోకి చూస్తూ తినడమే క్షేమమని నిన్న రాత్రే గ్రహించాడు. పాపం, పులుసు అతనికి బాగానే ఉంది. ఆ సంగతి పైకి అనేంత ధైర్యం మాత్రం లేదు.

దమయంతి నెత్తళ్ల ఇగురు గిన్నె ముందుకు జరిపింది. ఆడపడుచు వస్తోందని భావనపాడు నుంచి మరీ తెప్పించిన ఎండునెత్తళ్లు, ఉప్పు పట్టిన చిన్న చేపలు. చిన్నప్పుడు వీటికోసం అన్నతో కొట్లాడి జుట్టు పీకిన మనిషి సుధారాణి. ఇప్పుడు గిన్నెవైపు ఒకసారి చూసి, చెయ్యి అడ్డం పెట్టి, పక్కనున్న నీళ్ల సీసా అందుకుంది.

ఆ సీసా ఒకటి. నిన్న టెక్కలి నుంచి వచ్చి ఆటో దిగినప్పుడు చేతిలో ఉంది. అప్పటినుంచి చంకలోనే ఉంది. ఖాళీ అయితే తనే వెళ్లి నింపుకుంటోంది. దమయంతి గ్లాసుతో తెచ్చిన నీళ్లు గ్లాసులోనే ఉండిపోయాయి. నా చేతి నీళ్లు కూడా చేదయ్యాయన్నమాట, అనుకుంది దమయంతి. కూరకు వంక పెట్టిన ఆడపడుచుల గురించి విన్నది గానీ, నీళ్లకు వంక పెట్టినదాన్ని ఇదే చూడడం.

భోజనాలయ్యాక త్రినాథరావు నూతి దగ్గర చెయ్యి కడుక్కుంటూ గొంతు తగ్గించి అన్నాడు. "ఫోను గొడవే. నాకు తెల్సు. వరస తప్పించింది నువ్వే కదా."

"ఫోనుకోసం మనిషి ఇంతలా అలుగుతుందా?"

"మా ఇంట్లో అలుగుతారు," అన్నాడు త్రినాథరావు. అందులో అతనికి కొంచెం గర్వం కూడా ఉన్నట్టు తోచింది.

ఆ ఇంటి వరస అలాంటిది. కొన్ని ఇళ్లలో పట్టుచీరలు ఒకరినుంచి ఒకరికి దిగుతాయి. ఈ ఇంట్లో ఫోన్లు దిగుతాయి. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే పెద్దన్నయ్య ఆనంద్ కొత్త ఫోను కొన్నాడంటే పండగే. ఆయన పాతది భార్య ప్రమోదినికి, ప్రమోదినిది త్రినాథరావుకి, త్రినాథరావుది దమయంతికి, దమయంతిది సుధారాణికి. అన్నీ ఒకే కంపెనీవి, ఖరీదైనవి. దమయంతి దాకా దిగేసరికి దానికి ఒక మూల చిట్లి ఉండేది, మధ్యాహ్నానికే ప్రాణం పోయేది. అయినా ఖరీదైన ఫోనే.

ఆ కంపెనీ గోడ లోపల ఉన్నంతకాలం అన్నీ సుఖాలే. ఒకరి ఫొటోలు ఇంకొకరికి తీగలేకుండా ఎగిరి వెళ్తాయి. ఒకరి చార్జరు ఇంకొకరికి పనికొస్తుంది. మెసేజీలకు కూడా ఆ ఫోన్లన్నిటికీ సొంత దారి ఒకటుంది. చిక్కల్లా గోడ దాటాలనుకున్నప్పుడే.

దమయంతి ఎందుకు దాటిందీ అంటే, చోటు చాలక. పెరట్లో ఆరిన జీడిపిక్కల ఫొటో తీసి పలాస వర్తకుడికి పంపాలంటే, ఫోను ముందు ఏదో ఒకటి చెరపమనేది. అలా పెళ్లి ఫొటోల్లో త్రినాథరావు కళ్లు మూసుకున్నవన్నీ అయిపోయాయి. కళ్లు తెరిచినవి మొదటినుంచీ తక్కువే. ఇంకా చోటు కావాలంటే నెలనెలా అద్దె కట్టమంది కంపెనీ. నా పెళ్లి ఫొటోలకు నేను అద్దె కట్టడమేమిటని దమయంతి ఓరోజు పలాస వెళ్లి, జానకిరామ్ కొట్లో వేరే కంపెనీ ఫోను కొనుక్కుని వచ్చేసింది.

పేర్లూ నెంబర్లూ కొత్తదాంట్లోకి ఎక్కాయి. ఫొటోలకు రెండు రోజులు ఫోను అక్కడే వదిలి తిరగాల్సి వచ్చింది. డబ్బు పెట్టి కొనుక్కున్న భక్తిపాటలు రాలేదు. చార్జరు పనికిరాలేదు. పాత మెసేజీలు రావని జానకిరామ్ ముందే చెప్పాడు. ప్రమోదిని విశాఖ నుంచి ఫోన్ చేసి, "ఇంక నీ మెసేజీలు నాకు వేరే రంగులో వస్తాయి కదా దమయంతీ," అంది, ఎవరో ఇంటిపేరు మార్చుకున్నంత విచారంగా.

పాత ఫోను వరసప్రకారం సుధారాణికి వెళ్లాలి. ఆ చచ్చిన బ్యాటరీని చేతులారా ఆడపడుచు నెత్తిన పెట్టడం ఇష్టంలేక, దమయంతి దాన్ని అత్తగారికి ఇచ్చేసింది. సిమ్ము లేదు, తాళం లేదు. ఇంటి వైఫైతో సుప్రభాతం పాడుకుంటే చాలు. వరహాలమ్మకు చదువు రాదు గానీ, పాట పెట్టే బొమ్మ ఏదో తెలుసు. శబ్దం పెద్దగా రావడానికి ఫోనును ఇత్తడి గిన్నెలో బోర్లా పెట్టి, దేవుడి గదిలో చార్జరు తగిలించి, పైన చిన్న పట్టుగుడ్డ కప్పింది. అప్పట్నుంచి ఆ గిన్నెకు ఇంట్లో రోజూ రెండు పువ్వులు దక్కుతున్నాయి.

* * *

ఎండ కాస్త వాలాక దమయంతి వాకిట్లో జీడిపిక్కలు కాలితో తిరగేస్తోంది. సుధారాణి అరుగుమీద సీసా పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇద్దరి మధ్యా వాకిలంత నిశ్శబ్దం.

దమయంతికి నిశ్శబ్దం చేతకాదు. కాలేజీలో కూడా అందుకే బెంచీ ఎక్కించేవారు.

"సుధా."

సుధారాణి వీధివైపు తిరిగి కూర్చుంది.

"నీ వంతు ఫోను నేను మింగేయలేదు. మీ అమ్మ గిన్నెలో ఉంది. కావాలంటే ఇప్పుడే తీసి ఇచ్చేస్తాను. రెండు పువ్వులు కూడా ఇస్తాను."

సుధారాణి తల తిప్పింది. నిన్నటినుంచి మొదటిసారి సూటిగా వదిన మొహంలోకి చూసింది.

"ఫోనా? నాను ఫోనుకోసం అలిగేననుకుంటన్నావేటి వదినా?"

"మీ అన్నయ్య అన్నాడు."

"మా అన్నయ్యకేటి తెల్సు! నీకు తెల్సు కదా. అన్నీ తెలిసీ ఉప్పు గురించి మాటాడతన్నావు సూడు, అదీ నాకు మండుతాంది."

"ఉప్పు సంగతి ఎత్తింది నువ్వు. నాకేం తెలుసు?"

"నాను రమ్మన్నాను. నువ్వు రానేదు." సుధారాణి సీసా మూత బిగించింది, బిగించిన మూతనే మళ్లీ బిగించింది. "రానంటే రానని సెప్పాల. ఒక ముక్క. అదీ నేదు. నానెంత భయపడి రాసినానో... మర్నాడు నువ్వు పనసపొట్టు కూర ఫొటో పెట్టేవు. కొత్త ఫోన్లో ఎంత బాగొచ్చిందో సూడమని."

దమయంతి కాలు జీడిపిక్కల మధ్య ఆగిపోయింది.

"ఎప్పుడు రాశావు? ఎందులో?"

"మనం ఎందులో రాసుకుంటామో అందులోనే! వాట్సాప్‌లో రాత్తానేటి? అది మా ఆయన కొట్లో కంప్యూటర్లో తెరిసుంటాది. నా కష్టం ఫ్యాన్లు కొనీవోళ్లంతా సదవాలా?"

అది నిజమే. టెక్కలిలో ఆమె భర్త గోవింద్ కరెంటు సామాన్ల కొట్టుకు వచ్చే బేరాలన్నీ సుధారాణి నెంబరుకే వస్తాయి. అందుకే వదినామరదళ్ల రహస్యాలు ఎప్పుడూ ఆ ఫోన్ల సొంత మెసేజీల దారినే నడిచేవి. అత్తగార్లమీద చెప్పుకున్నవీ, మొగుళ్లమీద చెప్పుకున్నవీ, అన్నీ.

"నాకేమీ రాలేదు సుధా."

"అబద్దం ఆడకు వదినా. పెద్దదానివి."

"మావగారి మీద ఒట్టు. ఇదిగో, చూసుకో." దమయంతి చీర చెంగుకు చేతులు తుడుచుకుని కొత్త ఫోను ఆమె ఒళ్లో పెట్టింది.

సుధారాణి వెతికింది. పైకి జరిపింది, కిందికి జరిపింది. బ్యాంకువాళ్లు రాసినవి ఉన్నాయి, గ్యాసువాళ్లు రాసినవి ఉన్నాయి. సుధారాణి రాసినది ఒక్కటి లేదు.

ఆమె తన ఫోను తీసింది. "మరి ఇదేటి? నా దాంట్లో ప్రతిదాని కిందా చేరింది అని ఉన్నాది. సూడు. ఎవులికి సేరింది?"

ఇద్దరూ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశారు. అరుగుమీద భుజాలు తగిలాయి. ఎవరూ జరగలేదు.

"ఇప్పుడొకటి పంపు," అంది దమయంతి.

"ఏటని?"

"ఏదో ఒకటి. ఉప్పు ఎక్కువైందని పంపు."

సుధారాణి ఒక చుక్క పెట్టి పంపింది.

దమయంతి ఒళ్లోని ఫోను కిక్కురుమనలేదు. ఇంట్లోంచి మాత్రం, దేవుడి గది వైపు నుంచి, చిన్న గుడిగంట కొట్టినట్టు ఇత్తడి మోత ఒకటి వినిపించింది.

టింగ్.

వెంటనే వరహాలమ్మ గొంతు. "తల్లీ! నా పిల్లల్ని సల్లగ సూడమ్మా!"

వదినా మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకోటి పంపు," అంది దమయంతి.

టింగ్.

"అమ్మా, తల్లీ!"

* * *

దమయంతి పరుగున వెళ్లింది. దేవుడి గదిలో వరహాలమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉంది.

"అత్తా, ఆ గంట ఎప్పటినుంచి మోగుతోంది?"

"నువ్విచ్చిన కాడ్నించీ మోగుతున్నాదే. పాట అయిపోయినా మోగుతాది. నాను దండం పెట్టుకుంటాను. మొన్నామధ్య ఓ రోజు తెగ మోగింది. ఆ రోజు కొబ్బరికాయ కూడా కొట్టేను."

ఆ మోత వంటింట్లోకి దమయంతికీ వినపడేది. పాటలోనిదే అనుకునేది.

గుడ్డ తీసి, గిన్నెలోంచి ఫోను తీసింది. తులసాకు ఒకటి అంటుకుని వచ్చింది. తెర మీద సుధారాణి పేరు. దమయంతి పెరటి గుమ్మంలోకి వెళ్లి, గోడకు ఆనుకుని చదివింది.

'వదినా, రక్తం పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువొచ్చింది. మళ్లీ వైజాగ్‌లో చేయించాలన్నారు. అమ్మకు చెప్పకు. మా ఆయనకు చెప్తే నాకంటే ముందు ఆయన పడిపోతాడు. నువ్వు తోడొస్తావా?'

'వదినా, బుధవారం వెళ్లాలి.'

'చదివావా?'

'నాన్నకు మొదట ఇలాగే వచ్చింది కదా.'

'పోనీలే. ఒక్కదాన్నే వెళ్తున్నాను.'

'బస్సెక్కాను.'

కొన్నాళ్ల తర్వాత తేదీతో చివరిది. 'బాగానే ఉందట. ఎండలో తిరిగి నీళ్లు తాగక అలా వచ్చిందన్నారు. నీకు చెప్పాలని లేదు. అయినా చెప్తున్నాను.'

ఇంటింటా కిడ్నీ జబ్బే ఉన్న ఉద్దానంలో బడి మొహం చూడనివాళ్లకు కూడా ఆ ఇంగ్లీషు ముక్క వచ్చు. ఏ డాక్టరైనా దాని అంకె చెప్పేముందు కుర్చీ చూపిస్తాడు. మావగారికి చూపించిన కుర్చీ దమయంతికి గుర్తుంది. ఆయన కూర్చోలేదు. ఆ జబ్బుతోనే పోయారు.

ఆమె చివరి మెసేజీ మళ్లీ చదివింది. బాగానే ఉందట. మూడోసారి కూడా చదివింది. అప్పుడు గడపమీదే కూర్చుంది.

సుధారాణి వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు రాలేదే," అంది దమయంతి.

"సూసేను కదా. అమ్మ గిన్నెలోకి వచ్చేయి."

"మరి ఫోన్ చేసినప్పుడైనా అడగొచ్చు కదా, చదివావా అని!"

"నువ్వు మాటాడనిత్తేనా? కెమెరా సంగతి సెప్పేవు, చార్జరు సంగతి సెప్పేవు. ఏటీ సెప్పవా వదినా అనడిగితే, ఏటి చెప్పాలి, అన్నీ బాగున్నాయన్నావు. పక్కన అమ్మ దగ్గుతా ఉంది. ఇంకేటడుగుతాను?"

దమయంతి పాత ఫోనుకు అంటిన తులసాకు తీసి పక్కన పెట్టింది.

"బస్సులో సీటు దొరికిందా?"

"దొరికింది. కిటికీ కాడ." సుధారాణి గోటితో సీసా మీది కాగితం గీకింది. "పక్కసీట్లో సంచీ ఎట్టేను. నువ్వు టెక్కల్లో ఎక్కకపోయినా, దారిలో ఏ కారులోనో వచ్చి ఎక్కుతావేమోనని. నర్సన్నపేట దాకా అలగే ఉంచేను. కండక్టరు తిట్టేక తీసేను."

దమయంతి ఆమె చేతిలోంచి సీసా లాక్కుని పక్కన పెట్టింది. తర్వాత ఆ చేతిని మాత్రం వదల్లేదు. కాసేపటికి సుధారాణికే నవ్వొచ్చింది. మొదట ముక్కుతో, తర్వాత పొట్టతో.

"కొబ్బరికాయ కొట్టిందట వదినా!"

"నువ్వు బస్సెక్కిన రోజే అయ్యుంటుంది."

"ఎవులు సదివినా సదవకపోయినా..." నవ్వుకు మాట పూర్తికాలేదు. కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

దమయంతి జానకిరామ్‌కి ఫోన్ చేసింది. అతను అంతా విని, "పాత ఫోన్లో మెసేజీల మీట ఆపనేదేటమ్మా? అది ఆపకపోతే మీ నెంబరు ఇంకా అక్కడే ఉందనుకుంటాది మరి," అన్నాడు.

"ఆ ముక్క ఫోను అమ్మినప్పుడు చెప్పాలి కదా బాబూ."

"మీరు అడగనేదమ్మా."

తెలిస్తే అడగనక్కర్లేదు, తెలియకపోతే అడగలేము అని చెబుదామనుకుని, దమయంతి ఫోను పెట్టేసింది. గోడ దూకినా కొంగు గోడకే చిక్కుకుని ఉండిపోయిందన్నమాట.

"ఏటే, ఇద్దరూ గడపమీద?" వరహాలమ్మ వెనక నిలబడి ఉంది. "మాటలు కలిసినట్టున్నాయి."

సుధారాణి మోచేత్తో వదినను పొడిచింది. దమయంతికి అర్థమైంది.

"ఫోను గొడవే అత్తా," అంది చాలా తేలిగ్గా. "తన వంతు ఫోను నీకిచ్చానని అలిగిందట."

"అవునమ్మా," అంది సుధారాణి, తల దించుకుని.

"సిగ్గు నేదేటే నీకు? తల్లి సుప్రభాతం ఇనుకుంటే ఏడుపా? మొగుడికి కొట్టు నిండా కరెంటు సామాన్లే కదా! అందులో ఒకటి మోగించుకోరాదా?" వరహాలమ్మ తిట్టవలసినంతా తిట్టింది. సుధారాణి అన్నీ పడింది. అత్తగారి తిట్లు ఆడపడుచుమీద పడుతుంటే వినడం దమయంతికి చాలాకాలం తర్వాత దొరికిన భాగ్యం. ఆమె కూడా మధ్యలో ఆపలేదు.

అన్నీ అయ్యాక వరహాలమ్మ వంగి, సీసా తీసి కూతురి చేతిలో పెట్టింది.

"తాగు. ఇంతకీ రక్తం పరీచ్చలో ఏటన్నారు?"

గడపమీద ఇద్దరూ బిగుసుకుపోయారు.

"ఏ పరీక్షమ్మా?"

"నాకు అచ్చరాలు రావు గానీ మనుసులు వచ్చు. ఉప్పొద్దంటావు. పేణం లాంటి నెత్తళ్లు వద్దంటావు. సీసా సంటిపిల్లలాగ సంకనేసుకు తిరుగుతావు. మీ నాన్న కాడ నేర్సుకున్న సదువేనే ఇది. నిన్నట్నించీ నీ నోటెంట వత్తాదని సూత్తన్నాను."

"బాగుందన్నారమ్మా. నిజం. ఏటీ నేదు. నీళ్లు బాగా తాగమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, అంతే."

వరహాలమ్మ కూతురి మొహం చూసింది. కోడలి మొహం చూసింది. దమయంతి అవునన్నట్టు తలూపింది.

"ఆ ముక్క నిన్న ఆటో దిగినప్పుడే సెప్తే నీ సొమ్మేటి పోయింది?" అంది వరహాలమ్మ. కూతురి చేతిలో తను పెట్టిన సీసా తనే మళ్లీ తీసుకుని, గడగడా సగం తాగేసింది. మిగిలిన సగంతో మొహం కడుక్కుంది.

* * *

దీపం పెట్టే వేళకు దమయంతి దేవుడి గదిలో చతికిలబడి, పాత ఫోన్లో ఆ మీట ఎక్కడుందో పట్టుకుంది. దాన్ని ఆపేస్తే చాలు. ఇంక ఈ గిన్నెలో పాట తప్ప ఏమీ మోగదు. పక్కన వరహాలమ్మ వత్తులు చేస్తోంది. గుమ్మంలో సుధారాణి ఉప్పులేని జీడిపప్పు నములుతోంది.

వేలు మీట మీదికి వెళ్లింది.

టింగ్.

వరహాలమ్మ వత్తి వదిలేసి చేతులు జోడించింది. ఆ గంట మెసేజీలదని దమయంతి చెప్పాక కూడా.

ఈసారి పేరు సుధారాణిది కాదు. విశాఖపట్నం నుంచి ప్రమోదిని. దమయంతి మెసేజీల రంగు మారిపోయిందని విచారించిన ప్రమోదిని.

'దమయంతీ, ఆ గోడ నువ్వెలా దూకావు? నాకూ దూకాలని ఉంది. మీ బావగారికి మాత్రం తెలియకూడదు. నిన్ను మళ్లీ మన వరసలోకి తేవాలని ఆయన కొత్త ఫోనే కొన్నారు, పాతది కాదు. శనివారం పట్టుకుని వస్తున్నాం. దయచేసి తీసుకోకు. నువ్వు తీసుకున్నావంటే ఇంక నేను ఎప్పటికీ బయటపడలేను.'

కొత్త ఫోను. మూల చిట్లనిది. ఈ ఇంటి చరిత్రలో దమయంతి దాకా ఎప్పుడూ దిగనిది. ఈ మెసేజీ గిన్నెలోనే ఉండిపోతే దమయంతికి చేరనట్టే.

"ఎవులే?" అంది వరహాలమ్మ కళ్లు తెరవకుండానే.

దమయంతి మీట మీది వేలు మెల్లగా వెనక్కి తీసుకుంది. ఫోనును గిన్నెలో బోర్లా పెట్టి, పట్టుగుడ్డ కప్పి, పైన ఒక పువ్వు కూడా పెట్టింది.

"ఎవరూ కాదత్తా. గంట."

గుమ్మంలో సుధారాణి నమలడం ఆపేసింది.